పాదం నొప్పికి పేరు తేలేదాకా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం అరికాళ్ల గురించే. జబ్బు పేరు ఇంకా తేలలేదు, స్కానింగో నరాల పరీక్షో వారాల దూరంలో ఉంది. ఈలోగా నిలబడాలి, వండాలి, డ్యూటీకి వెళ్లాలి. వాటిలో ఆరు ఉత్తరాలు తీసుకున్నాం. జవాబులు రాసింది ఒక జనరల్ ఫిజీషియన్, ఒక ఫిజియోథెరపిస్టు.

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. హైస్కూల్లో టీచర్‌ని. ఏడు నెలలుగా కుడి మడమ, అరికాలు నొప్పి. రెండు నెలలుగా ఎడమ కాలు కూడా అందుకుంది. మొదటి డాక్టరు ఎక్స్‌రే చూసి మడమలో ఎముక పెరిగిందన్నారు. రెండో ఆయన యూరిక్ యాసిడ్ 6.9 ఉంది, పప్పు మానేయమన్నారు. మూడో ఆయన నరం నొక్కుకుపోయి ఉండొచ్చని నరాల పరీక్ష, ఎంఆర్ఐ రాశారు. ఆ తేదీకి ఇంకా ఐదు వారాలుంది. అప్పటిదాకా ఎవరి మాట పట్టుకోవాలి? (జగిత్యాల జిల్లా పాఠకురాలు)

జవాబు: ముందుగా రెండు భయాలు తీసేసుకోండి. ఎక్స్‌రేలో కనిపించే మడమ ముల్లు (ఆ పెరిగిన ఎముక) ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా చాలామందికి ఉంటుంది. అది కనిపించినంత మాత్రాన నొప్పికి అదే కారణం అనలేం, ఆపరేషన్ మాట ఇప్పుడు ఎత్తనే అక్కర్లేదు. ఇక యూరిక్ యాసిడ్ 6.9 ఆడవాళ్లకు కాస్త ఎక్కువే, కానీ ఆ అంకె ఒక్కటే గౌట్ (యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే వాపు) కాదు. గౌట్ ఏదో ఒక రాత్రి ఉన్నట్టుండి, ఎక్కువగా బొటనవేలి మొదట్లో వస్తుంది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేం. ఎర్రగా వాచి, వారం పది రోజుల్లో దానంతటదే దిగిపోతుంది. ఏడు నెలలు ఒకే తీరున మడమ నొప్పి ఉండటం దాని పద్ధతి కాదు. మాంసం, సముద్రపు చేపలు, బీరు గౌట్‌ని రేపినట్టు పప్పు రేపదు. పప్పన్నం తినండి.

ఈ ఐదు వారాల్లో మీ చేతిలో ఉన్న అతి విలువైన పని నొప్పికి హాజరు పట్టీ రాయడం. ఒక నోటుపుస్తకంలో రోజుకి నాలుగు గడులు గీయండి: పొద్దున మంచం దిగాక మొదటి పది అడుగులు, ఆ తర్వాత పావుగంటకి, స్కూల్లో చివరి గంట కొట్టేటప్పుడు, రాత్రి పడుకున్నాక. ఒక్కో గడిలో సున్నా నుంచి పది లోపు ఒక అంకె. పక్కన ఆ రోజు ఎన్ని పీరియడ్లు నిలబడ్డారు, ఏ చెప్పులు వేసుకున్నారు, ఏ మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు అన్నది. ఆదివారం పూట తెల్లకాగితం మీద నిలబడి పాదం చుట్టూ గీత గీయించుకుని, నొప్పి ఉన్నచోట అడ్డగీతలు, తిమ్మిరి లేదా మంట ఉన్నచోట చుక్కలు పెట్టండి. వాపు కనిపించిన రోజు రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి. డాక్టర్ని కలిసే రోజున వాపు తగ్గిపోవడం మామూలే.

ఇంత రాయడం ఎందుకంటే, పాదంలో ఏ జబ్బుకి ఆ జబ్బు తన వేళ, తన చోటు పెట్టుకుంటుంది. పొద్దున మొదటి అడుగులు ముళ్ల మీద వేసినట్టుండి, నడిచేకొద్దీ సర్దుకుని, మళ్లీ సాయంత్రానికి తిరగబెడితే అరికాలి కింద మడమ నుంచి వేళ్లదాకా పరుచుకున్న గట్టి పొర దెబ్బతిందని మొదటి అనుమానం. దీన్నే ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. పగలు ఫర్వాలేదనిపించి రాత్రి పడుకున్నాక మంట, చీమలు పాకడం మొదలైతే నరం వైపు చూడాలి. ఉదయం బిగుసుకుపోవడం అరగంట దాటినా వదలకుండా, తోడుగా నడుం పట్టేస్తుంటే కీళ్లవాతం కోవలోది. కొలిచినట్టు కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి, రెండు మూడు నిమిషాలు నిలబడితే వదిలేస్తుంటే రక్తప్రసారం చూపించుకోవాలి. పోయిన ఏడాదిలో చికున్‌గున్యా వచ్చిందా అన్నది కూడా రాసుకోండి. ఆ జ్వరం పోయాక చీలమండలు, పాదాలు నెలల తరబడి సలపడం మామూలే, అయినా దాన్ని అడిగేవాళ్లు తక్కువ.

ఇంట్లో మీరే చేసుకోగల మూడు పరీక్షలున్నాయి. జబ్బు పేరు పెట్టుకోవడానికి కాదు, డాక్టరుకి చెప్పడానికి. మడమ అడుగున, లోపలి అంచు వైపు బొటనవేలితో గట్టిగా నొక్కండి. అక్కడే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే రాసుకోండి. చీలమండ లోపలి ఎముక వెనక వేలికొసతో తట్టండి. కరెంటు కొట్టినట్టు అరికాలిలోకి పాకితే నరం నొక్కుకుపోయిందనడానికి అదొక ఆధారం. మూడోది, మడమని రెండు అరచేతుల మధ్య పక్కల నుంచి పట్టి నొక్కండి. అలా నొక్కితేనే ఎక్కువ నొప్పి పుడితే ఎముకలో సన్నని పగులు ఉండొచ్చు. అప్పుడు కింద చెప్పిన వ్యాయామాలు మొదలుపెట్టకుండా ఎంఆర్ఐ ముందుకు జరపమని అడగండి.

ఎముక పగులు అనుమానం లేకపోతే, పేరు ఏదైనా నష్టం చేయని పనులివి. మంచం దిగకముందే కూర్చుని, నొప్పి కాలిని రెండో మోకాలి మీద వేసుకోండి. అయిదు వేళ్లనీ చేత్తో పట్టి చీలమండ వైపు వెనక్కి లాగండి. రెండో చేత్తో తడిమితే అరికాలిలో వీణ తీగలా బిగిసిన పొర తగలాలి. తగలకపోతే సరిగ్గా లాగనట్టే. పది లెక్కపెట్టేదాకా పట్టి వదలండి, ఇలా పదిసార్లు. రోజుకి మూడు పూటలు, అందులో ఒకటి తప్పనిసరిగా మొదటి అడుగుకి ముందు. చాలామంది నాలుగడుగులు నడిచి, ముఖం కడుక్కుని, కాఫీ తాగి అప్పుడు మొదలుపెడతారు. రాత్రంతా ముడుచుకున్న పొరని ఆ నాలుగడుగులే చీరేస్తాయి. చెప్పులు మంచం పక్కనే ఉండాలి. ఉత్త కాలు గ్రానైట్ మీద పడకూడదు.

తర్వాత పిక్క సాగదీయడం. గోడకి చేతులానించి, నొప్పి కాలు వెనక పెట్టి, మోకాలు నిటారుగా, మడమ నేలకి అంటి ఉండేలా ముందుకు వంగండి. 30 సెకన్లు, మూడుసార్లు. ఆ తర్వాత మోకాలు కాస్త మడిచి ఇంకో మూడుసార్లు. వెనక పాదం బయటికి తిరిగిపోతే సాగేది పిక్క కాదు, అరికాలి వంపు కూలుతుంది. బొటనవేలు గోడ వైపే చూడాలి. లాగినట్టుండాలి గానీ పోటు రాకూడదు. సాగదీసేటప్పుడు తిమ్మిరి, మంట ఎక్కువైతే ఆపేయండి. నొక్కుకున్న నరాన్ని లాగితే అది ఇంకా రేగుతుంది.

సాయంత్రం స్కూలు నుంచి వచ్చాక అర లీటరు నీళ్ల సీసాని ముప్పావు వంతు నింపి గడ్డకట్టించి (నిండా నింపితే పగులుతుంది), పలుచని తువ్వాలులో చుట్టి, కూర్చుని పాదం కింద దొర్లించండి. పది నిమిషాలు చాలు. షుగరు ఉన్నవాళ్లు, అరికాలు మొద్దుబారినవాళ్లు ఇది చేయకూడదు.

నడక మానేయకండి, విడగొట్టండి. ఒకేసారి 40 నిమిషాలు నడిచేవాళ్లయితే పదేసి నిమిషాల చొప్పున మూడుసార్లు. కొలత మర్నాడు పొద్దుటి గడే. అది నిన్నటి అంకె దగ్గరే ఉంటే సరిపోయింది, రెండు పెరిగితే నిన్న ఎక్కువైందని అర్థం. క్లాసులో ఒక పీరియడు కూర్చుని, ఒక పీరియడు నిలబడి చెప్పే ఏర్పాటు హెడ్‌మాస్టరుతో మాట్లాడుకోండి. ఆ స్టూలు కోసం మొహమాటపడొద్దు. ఈ పద్ధతిలో వారంలోనే తగ్గుతుందని ఆశపడకండి. అరికాలి పొర నొప్పే అయితే ఎక్కువమందికి తగ్గుతుంది గానీ, లెక్క నెలల్లో ఉంటుంది.

ఐదు వారాలూ ఆగకూడని సందర్భాలు కొన్నున్నాయి. పాదం మీద బరువు మోపలేకపోవడం. ఒక్క పిక్కే వాచి వేడిగా ఉండటం. పాదం చల్లబడి పాలిపోవడం లేదా నీలంగా మారడం. జ్వరంతో పాటు ఎర్రటి వాపు పైకి పాకడం. పాదం ముందు భాగం లేపలేక ఈడ్చుకుంటూ నడవడం. తిమ్మిరి రెండు కాళ్లలో పైకి ఎక్కుతూ మూత్రం మీద పట్టు తప్పడం. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

డాక్టరు ముందు మీకు దొరికేది ఐదారు నిమిషాలు. పట్టీ మొత్తం చూపించకండి. ఒకే కాగితం మీద: ఎప్పుడు మొదలైంది, ఎక్కడ, ఏ వేళ ఎక్కువ, ఏం చేస్తే తగ్గుతుంది, ఇప్పటిదాకా వేసుకున్న మాత్రలూ సూదులూ. ఎక్కువ రోజులు తొడిగిన పాత చెప్పుల జత కూడా సంచిలో వేసుకెళ్లండి. అడుగు ఏ వైపు అరిగిందో చూస్తే మీ నడక తెలుస్తుంది.

ప్రశ్న: 29 ఏళ్లు. విజయవాడలో బట్టల షాపులో సేల్స్‌మన్‌ని. పదకొండు గంటలు నిలబడాలి, పరుపుల మీద చీరలు పరిచేచోట చెప్పులు వేసుకోకూడదు. ఏడాదిన్నరగా రెండు మడమలూ నొప్పి. మెడికల్ షాపులో ఇచ్చే ఎసిక్లోఫినాక్, పారాసెటమాల్ కలిసిన మాత్ర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, రాత్రికి డోలో 650 వేసుకుంటా. మరీ ఎక్కువైతే మా వీధి ఆర్‌ఎంపీ సూది వేస్తాడు, మూడు రోజులు హాయిగా ఉంటుంది. ఎముకల డాక్టరు రక్తపరీక్షలు రాశారు. చేయించుకునేదాకా ఇవే వాడొచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో మాకు ఎక్కువగా కనిపించింది మాత్రల సంగతి కాదు, మీ వయసు. ముప్పై లోపు మగవాళ్లకి రెండు మడమలూ ఒకేసారి, అదీ ఏడాదికి పైగా, నొప్పి మాత్రతో ఇట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతుంటే నిలబడటం ఒక్కటే కారణం అని తేల్చేయకూడదు. తెల్లవారుజామున నడుము నొప్పితో మెలకువ వస్తుందా? లేచి తిరిగితే తగ్గుతుందా? ఎప్పుడైనా కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వచ్చిందా? మీకు గానీ ఇంట్లో ఎవరికి గానీ సోరియాసిస్ ఉందా? వీటిలో ఒక్కదానికి అవును అన్నా డాక్టరుకి చెప్పండి. కండరాల కొసలూ (టెండన్లు) కీళ్ల పట్టీలూ (లిగమెంట్లు) ఎముకకి అతుక్కునే చోట వాతం చేరే జబ్బులు (యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ వాటిలో ఒకటి) మడమతో మొదలై, పేరు తేలడానికి ఏళ్లు పట్టడం తరచూ జరిగేదే. సీఆర్పీ, ఈఎస్ఆర్ (రెండూ ఒంట్లో వాపు ఉందేమో చూపే రక్తపరీక్షలు), హెచ్‌ఎల్‌ఏ బి27 (ఈ జబ్బులతో ముడిపడిన జన్యువు కోసం చేసే రక్తపరీక్ష), కటి ఎముకల ఎక్స్‌రే లేదా ఎంఆర్ఐ, ఇవీ దారి చూపే పరీక్షలు. చూడాల్సింది రుమటాలజిస్టు (కీళ్లవాతం డాక్టరు). మొదటి రెండూ నార్మల్ వచ్చినా ఈ జబ్బు లేదని కొట్టేయలేం.

ఇప్పుడు సూది సంగతి. దాంట్లో ఏం వేశారో చీటీ మీద రాయించుకోండి. డైక్లోఫినాక్ అయితే, అదే రోజు ఎసిక్లోఫినాక్ మాత్ర వేసుకోవడమంటే ఒకే జాతి మందు రెండుసార్లు వేసుకున్నట్టు. కడుపులో పుండు పడటానికి, కిడ్నీ దెబ్బతినడానికి అది దగ్గరి దారి. ఎండల్లో నీళ్లు సరిగ్గా తాగకుండా వేసుకుంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ అయితే ఆ మూడు రోజుల హాయికి అదే కారణం. వాతాన్ని అది కప్పేస్తుంది, ఆ వారంలో తీసిన రక్తంలో సీఆర్పీ తక్కువ చూపించవచ్చు. ఇక మడమలోకే పదేపదే సూది వేయించుకుంటే అరికాలి పొర తెగిపోవచ్చు, మడమ కింద మెత్తలా ఉండే కొవ్వు కరిగిపోవచ్చు. ఆ మెత్త మళ్లీ రాదు.

మాత్రల లెక్క చూద్దాం. కలిసిన మాత్ర ఒక్కోదానిలో సాధారణంగా ఎసిక్లోఫినాక్ 100 మి.గ్రా., పారాసెటమాల్ 325 మి.గ్రా. ఉంటుంది. రెండు కలిపి 650, రాత్రి డోలో ఇంకో 650. మొత్తం పారాసెటమాల్ 1,300 మి.గ్రా. లివరు బాగున్న పెద్దవాళ్లకి రోజుకి 4,000 దాటకూడదు. రోజుల తరబడి వాడేటప్పుడు 3,000 దగ్గరే ఆగడం మంచిది, మద్యం తాగేవాళ్లకి అదీ ఎక్కువే. అంటే పారాసెటమాల్‌తో మీకు ఇబ్బంది లేదు, ఏడాదిన్నరగా రోజూ రెండు పడుతున్న ఎసిక్లోఫినాక్‌తోనే ఉంది. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు) పరీక్ష, బీపీ ఈ వారమే చూపించుకోండి. మలం నల్లగా తారులా వస్తే మాత్ర ఆపి ఆసుపత్రికి వెళ్లండి. ఈలోగా ఆ కలిసిన మాత్రకి బదులు భోజనం తర్వాత పారాసెటమాల్ 650 రోజుకి మూడుసార్లకు మించకుండా, మడమ చుట్టూ డైక్లోఫినాక్ జెల్ వేలికొసంత మూడు పూటలా. మాత్రతో పోలిస్తే పైపూత మందు రక్తంలోకి చేరేది చాలా తక్కువ. పరీక్షకి ముందు ఏది ఎన్నాళ్లు ఆపాలో రాసిన డాక్టర్నే అడగండి.

చెప్పుల్లేకుండా నిలబడే ఉద్యోగానికి రెండు ఉపాయాలు. ఒకటి, మందంగా ఉండే సాక్సు లోపల సిలికాన్ మడమ కప్పు. ఒక్క కాలికే పెడితే నడుము వంకరపోతుంది, రెండింటికీ పెట్టాలి. రెండోది టేపు. 3.8 సెం.మీ. వెడల్పుండే, సాగని తెల్ల జింక్ ఆక్సైడ్ టేపు తీసుకోండి. కాలు కడిగి తడి లేకుండా తుడవాలి. చిటికెనవేలి మొదట్లో ఉబ్బెత్తు ఎముక కింద అతికించి, పాదం బయటి అంచు వెంట మడమ వెనక నుంచి తిప్పి, లోపలి అంచు వెంట బొటనవేలి మొదటిదాకా తేవాలి. ఆపైన అరికాలి అడ్డంగా, బయటి నుంచి లోపలికి వంపుని కొంచెం పైకెత్తుతూ మూడు నాలుగు పట్టీలు. పాదం పైభాగాన టేపుని చుట్టూ కలిపేయకండి, నిలబడగానే పాదం వెడల్పవుతుంది, వేళ్లు నీలమవుతాయి. రోజున్నర, రెండు రోజులకి తీసేయాలి, దురద పెడితే వెంటనే. నొప్పి సగానికి సగం తగ్గితే అది కూడా డాక్టరుకి చెప్పాల్సిన సమాచారమే.

కూర్చోవడానికి స్టూలు అడగడం తప్పు కాదు. దుకాణాల్లో పనిచేసేవాళ్లు కూర్చునే ఏర్పాటు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించుకున్నాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 44వ సెక్షన్ కింద ఆ మాట రాశారు. మీ యజమానితో మాట్లాడేటప్పుడు గొడవగా కాకుండా, గిరాకీ లేని మధ్యాహ్నం వేళ గంటకి ఐదు నిమిషాలు అని అడిగి చూడండి.

ప్రశ్న: మా నాన్నకి 63. షుగరు పన్నెండేళ్లుగా ఉంది, మెట్‌ఫార్మిన్ వాడతారు. రాత్రయితే అరికాళ్లు మంటలు, బకెట్లో చన్నీళ్లు పోసి కాళ్లు పెట్టుకు కూర్చుంటారు. చలికాలంలో అమ్మ వేడినీళ్ల కాపడం పెడుతుంది. న్యూరాలజిస్టు అపాయింట్‌మెంట్ వచ్చే నెల. ఈలోగా మంట తగ్గే ఉపాయం చెప్పండి. (నెల్లూరు)

జవాబు: ముందు బకెట్, కాపడం రెండూ ఆపించండి. మంటగా ఉన్న పాదానికి స్పర్శ బాగా తెలుస్తుందనుకుంటాం. షుగరులో తరచూ దీనికి తిరగబడి ఉంటుంది: మంట పుట్టించే నరమే వేడిని పసిగట్టలేదు. కాపడంతో బొబ్బ లేచినా ఆయనకి తెలియదు. చన్నీళ్లలో గంటలు నానిన చర్మం వేళ్ల సందుల్లో చీలి, అక్కడి నుంచి పుండు మొదలవుతుంది. స్నానం నీళ్లు కూడా ఆయన కాలు పెట్టకముందు అమ్మ మోచేత్తో చూడాలి.

మంటకి రాత్రిపూట చేయగలిగినవి: ఫ్యాను గాలి కాళ్ల మీదికి తిప్పడం, తడి గుడ్డతో తుడిచి వెంటనే పొడిగా అద్దడం, దుప్పటి పాదాలకి తగలకుండా మంచం కాళ్ల వైపు ఒక అట్టపెట్టె పెట్టి దాని మీదుగా కప్పడం. ఈ అట్టపెట్టె చిట్కా చిన్నదే గానీ నిద్ర పట్టించేది ఎక్కువసార్లు ఇదే. మంటకి రాసే ప్రెగాబాలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి మామూలు నొప్పి మాత్రలు కావు, డాక్టరు చీటీతోనే మొదలుపెట్టాలి. మొదటి రోజుల్లో మత్తు, తూలు ఉంటాయి. రాత్రి బాత్రూమ్‌కి లేచేటప్పుడు లైటు వేసి ఉంచండి. డైక్లోఫినాక్ జాతి మాత్రలు ఈ మంటకి పనిచేయవు, పైగా షుగరు ఉన్నవాళ్ల కిడ్నీకి బరువు.

అపాయింట్‌మెంట్‌కి ముందే చేయించదగ్గ రక్తపరీక్షలు: హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), విటమిన్ బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), క్రియాటినిన్. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గుతుంది, శాకాహారులైతే ఇంకా తొందరగా. అది తగ్గినా అచ్చం ఇలాంటి మంటే. బి12 తక్కువని తేలకముందే వీధి మెడికల్ షాపులో బి కాంప్లెక్స్ సూదులు వేయించుకుంటే పరీక్షలో అంకె బాగానే కనిపించి అసలు సంగతి దాగిపోతుంది. రక్తం ఇచ్చాకే ఏదైనా. ఇంకొకటి అడగాలి: ఈ మంట షుగరు ఉన్నపళంగా బాగా తగ్గించాక మొదలైందా? మూడు నెలల్లో హెచ్‌బీఏ1సీ రెండు పాయింట్లకు మించి పడిపోతే కొందరికి నరాల మంట కొత్తగా పుడుతుంది. అంతమాత్రాన మందులు ఆపొద్దు, డాక్టరుకి ఆ రెండు రిపోర్టులూ చూపించండి.

రోజూ రాత్రి అమ్మ గానీ మీరు గానీ రెండు నిమిషాలు పాదాలు చూడాలి. అరికాలి కింద అద్దం పెడితే ఆయనే చూసుకోగలరు. వేళ్ల సందులు, మడమ పగుళ్లు, ఆనెకాయలు, గోటి మూలలు. ఆనెల్ని బ్లేడుతో కోయొద్దు, ఆనెకాయ ప్లాస్టరు అంటించొద్దు, ఆ ప్లాస్టరులో ఉండేది చర్మాన్ని కరిగించే యాసిడ్. కొబ్బరినూనె మడమలకి రాయొచ్చు, వేళ్ల సందుల్లో వద్దు. వెనక పట్టీ ఉన్న ఎంసీఆర్ (మెత్తని రబ్బరు అడుగున్న) చెప్పులు ఇంట్లో కూడా వేసుకోవాలి. బొటనవేలి దగ్గర దూర్చే హవాయి చెప్పు జారిపోయినా స్పర్శ లేనివాళ్లకి తెలియదు. చెప్పులు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి చూడాలి, గులకరాయి ఉన్నా ఆయనకి తెలియదు మరి. న్యూరాలజిస్టు దగ్గర 10 గ్రాముల మోనోఫిలమెంట్ (సన్నని నైలాన్ తీగతో స్పర్శ చూసే) పరీక్ష చేయమని అడగండి, నిమిషంలో అయిపోతుంది.

ఒక పాదం రెండో దానికంటే వేడిగా, ఎర్రగా, వాచి కనిపించి నొప్పి పెద్దగా లేకపోతే సంతోషించకండి. షుగరులో పాదం ఎముకలు లోపల నలిగిపోయే షార్కో అనే స్థితి అలాగే మొదలవుతుంది. నడక పూర్తిగా మాన్పించి, వీల్‌చైరులోనో ఆటోలోనో ఆ రోజే తీసుకెళ్లాలి. అది నడిచేకొద్దీ కూలే పాదం.

ప్రశ్న: ఎక్స్‌రే నార్మల్, రక్తం నార్మల్, నరాల పరీక్ష కూడా నార్మల్. కానీ వంట చేస్తూ అరగంట నిలబడితే పాదాలు రగిలిపోతాయి. ఇంట్లో అందరూ 'ఏం లేదన్నారుగా' అంటున్నారు. నాదే అనుమానం జబ్బా? (గృహిణి, 38, నిజామాబాద్)

జవాబు: కాదు. ఎక్స్‌రే ఎముకని చూస్తుంది. పొరని, కండరాన్ని, నరాన్ని చూడదు. మామూలు నరాల పరీక్ష (నర్వ్ కండక్షన్) లావు నరాల వేగాన్ని కొలుస్తుంది. మంటనీ వేడినీ మోసుకెళ్లే సన్న నరపోగులు ఆ మిషన్‌కి అందవు. వాటి జబ్బులో ఆ రిపోర్టు నార్మల్‌గానే వస్తుంది. దానికి చర్మం నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష వేరే ఉంది. అది మీకు అవసరమా అని న్యూరాలజిస్టుని అడగండి. 'నార్మల్' అన్న మాటకి అర్థం ఆ పరీక్ష వెతికినవి దొరకలేదని మాత్రమే. ఇంట్లో వాళ్లకి ఇదే మాట చదివి వినిపించండి.

వంటగదిలో గట్టు ముందు 10, 15 సెంటీమీటర్ల ఎత్తు పీట వేసుకుని, పది నిమిషాలకోసారి కాళ్లు మారుస్తూ ఒక పాదం దాని మీద పెట్టండి. నిలబడేచోట రబ్బరు మ్యాటు ఉండాలి. చేయి అదిమితే అర సెంటీమీటరు దిగేంత మెత్తదనం చాలు, పరుపులా కూరుకుపోయేది పనికిరాదు, చీలమండ ఊగిపోయి పిక్కలు అలసిపోతాయి. కూరలు తరగడం, పిండి కలపడం, పప్పు ఏరడం కూర్చుని చేయదగ్గ పనులే. నిలబడే పనిని పోపు, దోసె లాంటివాటికి ఉంచుకోండి. అరగంటకి రగిలేవాళ్లు ఇరవయ్యో నిమిషంలోనే కూర్చోవాలి, రగిలాక కూర్చుంటే చల్లారడానికి గంట పడుతుంది.

ప్రశ్న: కానిస్టేబుల్ సెలక్షన్స్‌కి 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేస్తున్నా. నాలుగు వారాలుగా పాదం మీద ఒకేచోట నొప్పి. మొదటి వారంలో తీసిన ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఎంఆర్ఐకి డబ్బు సర్దుకోవాలి. కట్టు కట్టుకుని పరిగెత్తొచ్చా? (అనంతపురం)

జవాబు: వద్దు. పరుగు దూరం ఉన్నట్టుండి పెంచినవాళ్లకి పాదం ఎముకలో వెంట్రుకంత పగులు పడుతుంది, అది మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేకి దొరకదు. ఇప్పటికి నాలుగు వారాలైంది కాబట్టి ఎంఆర్ఐకి డబ్బు చూసేలోపు అదే ఎక్స్‌రే మళ్లీ తీయించండి. అతుక్కుంటున్న ఎముక చుట్టూ తెల్లని పొర కనిపిస్తే అక్కడికి తేలిపోవచ్చు, ఖర్చూ తప్పుతుంది. ఒక్క వేలితో చూపించగలిగేంత చోటులో నొప్పి ఉందంటే ఎముకనే అనుమానించాలి. రెండో, మూడో వేళ్ల వెనక ఉన్న ఎముకలైతే పరుగు ఆపి, గట్టి అడుగున్న బూటుతో ఆరు నుంచి ఎనిమిది వారాల్లో సాధారణంగా అతుకుతాయి. పాదం వంపు పైభాగంలోనో, చిటికెనవేలి ఎముక మొదట్లోనో అయితే రక్తం సరిగ్గా అందని చోటు, నిర్లక్ష్యం చేస్తే పూర్తిగా విరిగి స్క్రూ వేయాల్సి వస్తుంది. అప్పుడు ఎంఆర్ఐకి వెనకాడొద్దు. గెంతి పరీక్షించుకోవడం మానండి. ఊపిరి తగ్గకుండా ఉండాలంటే నొప్పి లేకుండా ఉన్నంతవరకు సైకిలు, ఈత. విటమిన్ డి ఒకసారి చూపించుకోండి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు తారురోడ్డు కాదు, మట్టి గ్రౌండు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో.

ప్రశ్న: మడమ నొప్పికి ఇంకా పరీక్షలు అవుతున్నాయి. కార్తీకంలో తిరుమల మెట్లెక్కుతానని మొక్కుకున్నాను. చెప్పుల్లేకుండా నెమ్మదిగా ఎక్కితే ఫర్వాలేదా?

జవాబు: అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టులో 2,388. మెట్టు అంచున మునివేళ్లతో ఎక్కుతుంటే ప్రతి అడుగుకీ అరికాలి పొర, పిక్క రెండూ సాగుతాయి. రాతి మీద ఉత్త కాలికి మెత్త కూడా ఉండదు. కారణం తేలని నొప్పితో ఇది వద్దు. పసుపు గుడ్డలో రూపాయి ముడుపు కట్టి దేవుడి గూట్లో ఉంచుకుని, ఈసారి బస్సులో వెళ్లి రండి. పేరు తేలి వైద్యం మొదలయ్యాక, చదును నేల మీద అరగంట ఆగకుండా నడిచినా మర్నాడు పొద్దున నొప్పి పెరగని స్థితికి వస్తే, ఇంటి దగ్గర ఒక అంతస్తు మెట్లతో మొదలుపెట్టండి. ఎక్కేటప్పుడు పాదం మొత్తం మెట్టు మీద ఆనాలి, మడమ గాల్లో వేలాడకూడదు. వారానికి ఒక్కో అంతస్తు చొప్పున పెంచుకోండి.